టెక్ సందేహాలు: స్క్రీన్ మీద అంతా పచ్చగానే ఉంది, మరి ట్యూబు ఎందుకు చీలింది?

ప్రశ్న: ఎరువుల ప్లాంటులో రిఫార్మర్ ఫర్నేస్ (ట్యూబుల్లోంచి వెళ్లే గ్యాస్‌నూ ఆవిరినీ బర్నర్లతో వేడిచేసి హైడ్రోజన్ తీసే కొలిమి) షిఫ్ట్ చూస్తాను. పదేళ్లకు పైగా రావాల్సిన ట్యూబు ఆరేళ్లకే నిలువునా చీలింది. డ్యాష్‌బోర్డులో టెంపరేచర్ ఎప్పుడూ హద్దు దాటలేదు. సాఫ్ట్‌వేర్ వాళ్లు రిమోట్‌లో చూసి అంతా బాగుందన్నారు. సెన్సర్ పోయిందంటారా?

జవాబు: సెన్సర్ బాగానే ఉండి ఉంటుంది. ఇదే ఫిర్యాదు నాకు పదే పదే వస్తోంది. మీ స్క్రీన్ మీద పెద్ద అంకెల్లో కనిపించేది బహుశా ట్యూబుల్లోంచి బయటికొచ్చే గ్యాస్ వేడి, అదీ అన్ని ట్యూబులకూ కలిపి తీసిన సగటు. ఒక బర్నర్ మంట పక్కకు వాలి ఒక్క ట్యూబును తాకినా, ఒక ట్యూబులో కేటలిస్టు (లోపల నింపే, రసాయన చర్యను వేగంగా నడిపించే గుళికలు) దెబ్బతిన్నా ఆ సగటు పెద్దగా కదలదు. ఆ ట్యూబు మాత్రం రాత్రింబవళ్లు మాడుతూనే ఉంటుంది.

ఇలాంటి ట్యూబుల్లో ఎక్కువగా వాడే లోహంలో 25 శాతం క్రోమియం, 35 శాతం నికెల్, కాస్త నియోబియం ఉంటాయి. సాధారణంగా లక్ష గంటల ఆయుష్షుకు డిజైన్ చేస్తారు. కానీ గోడ వేడి అనుకున్నదానికంటే ఓ 20 డిగ్రీలు ఎక్కువగా ఉండిపోతే ఆ ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. లోహం కరగక్కర్లేదు. లోపలి ఒత్తిడికి ఏళ్ల తరబడి మెల్లగా సాగుతుంది, గోడలో సన్నటి రంధ్రాలు పడతాయి, అవి ఒకదానితో ఒకటి కలిసి చీలికవుతాయి. దీన్నే క్రీప్ అంటారు. సగటును పచ్చరంగులో మెరిపించి, అన్నిటికన్నా వేడిగా ఉన్న ట్యూబును మూడో మెనూలో దాచే డిజైన్ చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఫర్నేస్ గోడకుండే చిన్న కిటికీ (పీప్ హోల్) దగ్గర పైరోమీటర్‌తో, అంటే కాంతిని బట్టి దూరం నుంచే వేడి కొలిచే పరికరంతో, ఒక్కో ట్యూబునూ చూడాల్సిందే. అక్కడా ఫర్నేస్ గోడల కాంతి ట్యూబు మీద పడి రీడింగ్ పెరుగుతుంది, ఆ సవరణ మరవద్దు.

మీ ఉత్తరంలో ‘రిమోట్‌లో చూసి’ అన్న మాట దగ్గర మాత్రం నాకు టెన్షన్ మొదలైంది. ఆ దారి ఇంకా తెరిచే ఉందా? ట్యూబుల్లోకి ఆవిరి ఆగిపోయి బర్నర్లు మండుతూనే ఉంటే ఆ ట్యూబులు కొన్ని నిమిషాల్లోనే పోతాయి. అప్పుడు ఫర్నేస్‌ను ఆపేది ట్రిప్ సిస్టమ్ (ప్రమాదం కనిపిస్తే తనంతట తానే మంటలు ఆర్పే ఏర్పాటు) ఒక్కటే. 2017లో సౌదీలోని ఒక పెట్రోకెమికల్ ప్లాంటులో హ్యాకర్లు సరిగ్గా అలాంటి సేఫ్టీ కంట్రోలర్‌లోకే మాల్‌వేర్ ఎక్కించారు. ఆ కంట్రోలర్ ఏ స్థితిలో పనిచేయాలో ఎంచుకునే తాళాన్ని ‘ప్రోగ్రామ్’ స్థానంలో వదిలేసి ఉండటం వాళ్లకు కలిసొచ్చింది. ‘రన్’లో ఉంటే బయటినుంచి ప్రోగ్రామ్ మార్చడం కుదిరేది కాదు.

రేపు డ్యూటీకి వెళ్లగానే మీ ట్రిప్ కంట్రోలర్ తాళం ఎటు తిరిగి ఉందో చూడండి. తాళంచెవి ప్యానెల్‌కే వేలాడుతుంటే తీసి షిఫ్ట్ ఇన్‌ఛార్జికి అప్పగించండి. రిమోట్ కనెక్షన్‌ను పని ఉన్నప్పుడే, మీ మనిషి పక్కన ఉండగానే తెరవమనండి.