మునిగిన బోటు కోసం రిటైర్‌మెంట్ డబ్బు తీయాలా?

ప్రశ్న: సెలవు రోజుల్లో తిరగడానికి ఆరేళ్ల కిందట లోన్ మీద ఒక మోటారు బోటు కొన్నాను. ఇంకా మూడేళ్ల ఈఎంఐలు మిగిలి ఉన్నాయి. ఈమధ్య నది పొంగి, బోటు రెండు రోజులు నీళ్లలో మునిగే ఉంది. బయటికి లాగించిన వెంటనే ఇంజిన్‌లో నీళ్లు తీయించి, ఆయిల్ మార్పించాను. పూర్తి రిపేరుకు మెకానిక్ చెప్పిన ఖర్చు బోటు విలువలో సగం దాటింది. ఇన్సూరెన్స్ ఉంది కానీ ఎంత వస్తుందో ఇంకా తేలలేదు. ఆలస్యమైతే మొత్తం పాడైపోతుందని మెకానిక్ తొందరపెడుతున్నాడు. రిటైర్‌మెంట్‌కు ఇంకా 18 ఏళ్లుంది కాబట్టి అందులోంచి కొంత తీసి పని మొదలుపెట్టించనా?

జవాబు: తీయొద్దు. తొందరపడాల్సిన పని మీరు ఇప్పటికే చేసేశారు. మునిగిన ఇంజిన్‌ను బయటికి తీశాక వీలైనంత త్వరగా మంచినీళ్లతో కడిగి, స్పార్క్ ప్లగ్గులు విప్పి నీళ్లు పోయేలా చేసి, ఆయిల్ మార్చకపోతే లోపల తుప్పు పట్టేస్తుంది. ఆ గండం గడిచింది. ఆ పనికైన బిల్లు, బోటును లాగించడానికైన బిల్లు భద్రంగా ఉంచండి. నష్టం ఇంకా పెరగకుండా చూసుకోవడం పాలసీదారు బాధ్యత అని దాదాపు అన్ని బోటు పాలసీల్లోనూ రాసి ఉంటుంది, దానికైన సబబైన ఖర్చు సాధారణంగా క్లెయిమ్‌లో అడగొచ్చు. తడిసిన సీట్లు, కవర్లు తీసి ఆరబెట్టండి, గాలి ఆడేలా తెరిచి ఉంచండి. లిథియం బ్యాటరీ ఉంటే మాత్రం చార్జింగ్ పెట్టొద్దు. నీళ్లలో మునిగిన బ్యాటరీకి తర్వాతెప్పుడో నిప్పంటుకునే ప్రమాదం ఉంది, బోటుకు దూరంగా పెట్టించండి. ఇవి అయ్యాక మిగిలినదంతా కొన్ని వారాలు ఆగినా కొంప మునగదు.

ఇప్పుడు పాలసీ కాగితం తీయండి. మొదట చూడాల్సింది బోటుకు ఏ విలువ కట్టారన్నది. అగ్రీడ్ వాల్యూ పాలసీ అయితే, బోటు పూర్తిగా పోయినట్టు లెక్క తేలినప్పుడు అందులో రాసిన మొత్తం వస్తుంది. మార్కెట్ వాల్యూ పాలసీ అయితే వరదకు ముందు రోజు ఆ బోటు ఎంత పలికేదో అంతే. ఆరేళ్ల బోటుకు ఈ రెండింటి మధ్య తేడా చాలా ఉంటుంది. రిపేరు వరకే అయితే మీ వాటా కింద డిడక్టిబుల్ (ప్రతి క్లెయిమ్‌లో మీరే భరించాల్సిన మొత్తం) పోతుంది. అగ్రీడ్ వాల్యూ పాలసీల్లో కూడా బ్యాటరీలు, కాన్వాస్ కవర్లు, కొన్నిసార్లు ఇంజిన్ మీద తరుగుదల కోస్తారు. ఈ చిన్న అక్షరాలు చాలామంది చదవరు. బోటు తొలగించే ఖర్చు, ఇంధనం కారితే శుభ్రం చేసే ఖర్చు బీమా మొత్తానికి అదనంగా ఇస్తారా, అందులోంచే తీస్తారా అన్నది కూడా అడగండి. ఇంటి బీమాలో ఏమైనా వస్తుందేమోనని ఆశ పెట్టుకోకండి. వాటిలో వరద నష్టానికి తరచూ కవరేజీ ఉండదు, బోట్లకు ఉన్నా పరిమితి చాలా తక్కువ.

మెకానిక్ అంచనా మీద ఆధారపడకండి. ఆయన చెడ్డవాడని కాదు, రిపేరు జరిగితేనే ఆయనకు డబ్బు. మీ తరఫున విడిగా ఒక మెరైన్ సర్వేయర్‌ను (బోట్ల నష్టాన్ని పరీక్షించి లెక్కకట్టే నిపుణుడిని) పెట్టుకోండి. ఫైబర్‌గ్లాస్ పైభాగం, అడుగు భాగం వరదను బాగానే తట్టుకుంటాయి. డబ్బు తినేవి లోపలివి. వైరింగ్‌లో రాగి తీగల వెంట నీరు పాకి, నెలల తర్వాత పచ్చగా చిలుము పట్టి కనెక్షన్లు పోతాయి. డెక్ కింద ఉండే ఫోమ్ నీళ్లు పీలిస్తే ఆరదు, బోటు బరువెక్కిపోతుంది. ఇవి మొదటి అంచనాలో చాలావరకు కనపడవు. అందుకే కంపెనీ ఇచ్చే 'ఫుల్ అండ్ ఫైనల్' కాగితం మీద సర్వేయర్ రిపోర్టు వచ్చేదాకా సంతకం పెట్టొద్దు. పెడితే, తర్వాత బయటపడే నష్టానికి అదనపు క్లెయిమ్ వేసే వీలు పోతుంది. విప్పిన భాగాలు కూడా కంపెనీ చూసేదాకా పారేయొద్దు.

ఇక అసలు లెక్క. వరదకు ముందు మీ బోటు విలువ 100 అనుకుందాం. రిపేరు 55. డిడక్టిబుల్ 5, తరుగుదల కోత 10 పోతే కంపెనీ ఇచ్చేది 40. మీ జేబులోంచి 15. "పదిహేనే కదా, బోటు తిరిగొస్తుంది" అనిపిస్తుంది. కానీ బాగు చేయించకుండా ఉన్నదున్నట్టు అమ్మితే 20 వచ్చిందనుకోండి, కంపెనీ ఇచ్చిన 40తో కలిపి మీ చేతిలో 60 ఉంటుంది. అంటే బాగు చేయించడమంటే ఆ 60 వదులుకుని, పైన 15 పెట్టి, 75కు ఒక బోటు కొనడం. వరదలో మునిగిన చరిత్ర ఉన్న బోటు రిపేరయ్యాక 100 పలకదు, 80 పలికితే గొప్ప. వైరింగ్‌లో ఇంకో 10 ఖర్చు బయటపడితే 80 విలువైన దానికి 85 పెట్టినట్టు. ఇవి ఉదాహరణ అంకెలే, మీవి వేసి చూడండి. చేతిలో 75 నగదు ఉంటే, బయటికెళ్లి ఇలాంటి బోటే కొంటారా? కొనను అనిపిస్తే మీకు జవాబు దొరికినట్టే. ఒక జాగ్రత్త: రిపేరు చేయించకపోతే కొన్ని పాలసీలు తక్కువ చెల్లిస్తాయి. ఎంత ఇస్తారో కంపెనీతో ముందే రాతపూర్వకంగా చెప్పించుకోండి.

ఆ 15ను రిటైర్‌మెంట్ నిధిలోంచి తీస్తే ఏమవుతుందో కూడా చూడండి. ఏడాదికి 8 శాతం చొప్పున 18 ఏళ్లలో డబ్బు దాదాపు 4 రెట్లవుతుంది. ఇవాళ్టి 15 అప్పటి 60. ముందుగా తీసినందుకు పన్నో, పెనాల్టీయో పడితే అది వేరే. బోటు మీద మనసు పోక బాగు చేయించాలనే అనుకుంటే నేను కాదనను, సరదాకూ విలువుంది. కానీ ఆ డబ్బు నెలవారీ మిగులులోంచి రావాలి, పని విడతలుగా జరగాలి. అందుకోసం ఒక సీజన్ బోటు షెడ్డులోనే ఉన్నా ఫర్వాలేదు. పార్కింగ్, సర్వీసింగ్, బీమాకు బోటు ధరలో ఏటా పదోవంతు దాకా పోతుందన్నది ఈ రంగంలో అందరూ చెప్పే మోటు లెక్క. రిపేరుకే అప్పు చేయాల్సి వస్తే ఆ తర్వాతి ఖర్చు ఎలా మోస్తారు?

లోన్ సంగతి మర్చిపోవద్దు. బోటు తిరగకపోయినా ఈఎంఐ ఆపకండి, క్రెడిట్ స్కోరు దెబ్బతింటుంది. లోన్ ఇచ్చిన సంస్థకు వరద గురించి ఇప్పుడే తెలియజేయండి. టోటల్ లాస్ (బోటు పూర్తిగా పోయినట్టు) అని తేలితే బీమా డబ్బు ముందు వాళ్లకే వెళ్తుంది, మిగిలిందే మీకు. బాకీ కంటే తక్కువ వస్తే ఆ తేడా మీరే కట్టాలి. టోటల్ లాస్ అయినప్పుడు కంపెనీ శాల్వేజ్ విలువ (పాడైన బోటును అమ్మితే వచ్చేది) తగ్గించుకుని బోటు మీకే వదిలేస్తామంటే ఒప్పుకోవద్దని నా సలహా. దాన్ని తొలగించే బాధ్యత కూడా మీ మీదే పడుతుంది.

అమ్మాలనుకుంటే లోన్ సంస్థ అనుమతి ముందు తీసుకోండి. బోటు వరదలో మునిగిందని అమ్మకం కాగితంలో స్పష్టంగా రాయండి, లేకపోతే రేపు కొన్నవాళ్లు మీ మీద కేసు వేయొచ్చు. పేరు మారిన రోజునే పాలసీ రద్దు చేయించి, వాడని కాలానికి ప్రీమియం ఏమైనా వెనక్కి వస్తుందేమో అడగండి.