ఆళ్వారుస్వామిని విలేకరిగా కూడా చదవండి

వట్టికోట ఆళ్వారుస్వామి అసలు నవలాకారుడా, జర్నలిస్టా, ఉద్యమకారుడా, ఆయన రాసిన వాటిలో ముందు ఏది చదవాలి అని అడిగారు కదా. నా మట్టుకు నేను ఆ మూడింటినీ విడదీయను. చదవడం మాత్రం 'జైలు లోపల' కథలతో మొదలుపెట్టమంటాను, అందరూ ముందుగా చెప్పే 'ప్రజల మనిషి' నవలతో కాదు. ఎందుకో చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

నేను కొన్నేళ్లు నల్గొండ జిల్లాలో ఒక పత్రికకు మండల విలేకరిగా చేశాను. ఆయనదీ ఆ జిల్లానే, నకిరేకల్ దగ్గర చెరువు మాదారం. 1915లో పుట్టారు, చిన్నప్పుడే తండ్రి పోయారు. చదివించేవాళ్లు లేక ఒక ఉపాధ్యాయుడి ఇంట్లో వంట చేసిపెడుతూ ఆయన దగ్గరే అక్షరాలు దిద్దుకున్నారు. తర్వాత హోటల్లో సర్వరు పని, ఆ తర్వాత 'గోల్కొండ పత్రిక'లో ప్రూఫ్ రీడరు. డిగ్రీలూ లేవు, అండగా నిలిచే బంధువర్గమూ లేదు. అప్పటి నిజాం రాజ్యంలో బడి చదువు ఉర్దూలో, సభ పెట్టుకోవాలంటే గస్తీ నిషాన్ 53 అనే సర్కారు ఉత్తర్వు కింద ముందే అనుమతి తెచ్చుకోవాలి, తెలుగు పుస్తకం ఊళ్లోకి రావడమే పెద్ద విషయం. అలాంటి కాలంలో 1938లో ఆయన సికింద్రాబాద్‌లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, అచ్చు వేయించిన పుస్తకాలు తానే మోసుకుని, సభ జరిగిన చోటల్లా తిరిగి అమ్మారు. ఆయన రచనకు పునాది ఇక్కడే పడిందని నేను అనుకుంటాను. పుస్తకం అమ్మడానికి గడప గడపకూ వెళ్లేవాడికి జనం ఎలా మాట్లాడతారో, ఏ మాట దగ్గర ఆగిపోతారో, దేనికి భయపడి గొంతు తగ్గిస్తారో తెలియకుండా ఎలా ఉంటుంది?

నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ల సంస్థ ఆంధ్ర మహాసభలో పనిచేశారు, కమ్యూనిస్టు అయ్యారు, గుమాస్తాల హక్కుల కోసం, రిక్షా కార్మికుల కోసం తిరిగారు, పత్రికలు నడిపారు. 1942లో క్విట్ ఇండియా సమయంలో ఒకసారి జైలు, తెలంగాణ సాయుధ పోరాటం రోజుల్లో మళ్లీ జైలు, ఈసారి ఏళ్ల తరబడి. నిజామాబాద్ జైల్లో దాశరథి కృష్ణమాచార్య ఆయనతోనే ఉన్నారు. దాశరథి నిజాం మీద పద్యాలను బొగ్గుతో జైలు గోడల మీద రాసిన సంగతి చాలామందికి తెలుసు, ఆ రోజుల్లో ఆయన పక్కనే ఉన్నవాడు ఆళ్వారుస్వామి. తర్వాత దాశరథి తన 'అగ్నిధార'ను ఆయనకే అంకితమిచ్చారు. ఒక కవి తన మొదటి కావ్యాన్ని జమీందారుకో మంత్రికో కాకుండా తోటి ఖైదీకి ఇవ్వడం నాకు ఎప్పుడు తలుచుకున్నా గొప్పగా అనిపిస్తుంది.

'జైలు లోపల' కథలు ఆ జైలు జీవితంలోంచి వచ్చినవే. రాజకీయ ఖైదీ రాసిన కథలంటే మన పోరాటం, మన త్యాగం, మన మీద పడ్డ లాఠీలు అనుకుంటాం. ఆయన అలా రాయలేదు. దొంగతనం చేసి వచ్చినవాడిని, హత్య చేసి వచ్చినవాడిని పక్కన కూర్చోబెట్టుకుని, 'ఎట్లయింది? అంతకుముందు ఏం జరిగింది?' అని ఓపిగ్గా అడిగినట్టు ఉంటాయి ఆ కథలు. నేను వాటిని చదివింది క్రైం వార్తలు రాసే రోజుల్లోనే. ఒకసారి వ్యవసాయ బావుల దగ్గర కరెంటు మోటార్ల రాగి తీగ దొంగిలించాడని ఒకతన్ని పోలీసులు మా ముందు నిలబెట్టారు, ముఖానికి నల్లగుడ్డ, కాళ్లకు చెప్పులు లేవు, పాదాల మీద సిమెంటు పుళ్లు. ఫొటో దిగింది, అందరూ వెళ్లిపోతున్నారు. నేను ఉండిపోయి, స్టేషన్ బయట చెట్టు కింద సంకలో పిల్లతో కూర్చున్న అతని భార్యతో మాట్లాడాను. మేస్త్రీ రెండు నెలల కూలి ఎగ్గొట్టాడని చెప్పింది. వార్తలో ఆ రెండు వాక్యాలూ రాశాను, డెస్కులో ఒకటి మిగిల్చారు. ఆ రోజు ఆమె దగ్గరికి వెళ్లమని నాకు చెప్పింది ఆ కథలే.

ఇవి చదివాక 'ప్రజల మనిషి' పట్టుకోండి. అప్పుడు అందులోని విలేకరి మీకు కనిపిస్తాడు. దిమ్మెగూడెం అనే ఊరు, రామభూపాలరావు అనే దేశ్‌ముఖ్, అంటే ఊరి మీద పెత్తనం చేసే దొర, అతనికి ఎదురు తిరిగే కంఠీరవం. పోరాట నవల అంటే తుపాకులు ఉంటాయనుకుంటే ఇందులో దొరకవు, సాయుధ పోరాటానికి ముందు, 1930ల నాటి కథ ఇది. భూమి ఎలా లాక్కున్నారు, వెట్టి ఎలా చేయించుకున్నారు, ఆ బతుకు నుంచి బయటపడతామని మతం మారినవాళ్లకు ఏం ఎదురైంది, ఒక ఊళ్లో మొదటిసారి ఒకడు దొర ముందు నోరు విప్పడం ఎలా జరిగింది, ఇదంతా మెల్లగా, దగ్గర నుంచి చెప్తారు. మా నాయనమ్మ గడి, అంటే దొర ఉండే కోటలాంటి ఇంటి గురించి చెప్పిన మాటలు, కట్టెలు మోయడం, వంతులవారీగా కుండలూ చెప్పులూ ఊరికే ఇవ్వడం, బాలింతనైనా పనికి పిలవడం, ఇవన్నీ మా ఇంటి గొడవలే అనుకునేవాణ్ని. నవల చదివాక అది ఒక రాజ్యం నడిచిన పద్ధతి అని అర్థమైంది. నవలగా చూస్తే లోపాలు లేకపోలేదు, కంఠీరవం కొన్నిచోట్ల మరీ మంచివాడు, ఉపన్యాసాలు కాస్త ఎక్కువ. అయినా ఊళ్లో మాటలు రాగానే ఆ పేజీలు లేచి నిలబడతాయి.

తర్వాతి కాలం కథను 'గంగు'లో మొదలుపెట్టారు, పూర్తి చేయలేకపోయారు. 1961 ఫిబ్రవరిలో గుండెపోటుతో పోయారు, అప్పటికి ఆయనకు 45 ఏళ్లే. నాకు బాగా బాధనిపించేది ఇదే, సాయుధ పోరాటాన్ని లోపల నుంచి చూసిన మనిషి, నవల ఆ దశకు చేరేలోపే వెళ్లిపోయారు. ఆయన ఆపిన చోటును దృష్టిలో పెట్టుకునే దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు', 'మోదుగుపూలు' నవలలు రాశారు. కాబట్టి నా వరస ఇది: 'జైలు లోపల', 'ప్రజల మనిషి', అసంపూర్తిగా ఉన్నా సరే 'గంగు', ఆ తర్వాత రంగాచార్య. ఆళ్వారుస్వామి వెలువరించిన 'తెలంగాణం' వ్యాస సంకలనాలు దొరికితే వాటినీ వదలకండి. కొత్త ముద్రణలు షాపుల్లో లేకపోతే జిల్లా గ్రంథాలయాల్లో పాత బీరువాలు తెరిపించి అడగండి, నాకు 'గంగు' అలాగే దొరికింది.