అతుకు పడిన చోట చూడు

తల్లీ,

రెండు కంపెనీలు తమ టెక్నాలజీలు కలిపి ఒకే ప్రోడక్ట్ చేస్తామంటున్నాయని, అది నిలబడుతుందో లేదో తేల్చే పని నీ మీద పడిందని రాశావు. టెన్షన్ పడకు. ముందు వాళ్ల ప్రెజెంటేషన్ పక్కన పెట్టు. రెండు సున్నాలు గీసి, అవి కలిసిన చోట రంగు పూసి ఉంటారు కదా, నువ్వు చూడాల్సింది ఆ చోటునే, కాకపోతే తెర మీద కాదు, వాడేవాళ్ల చేతుల్లో.

2003లో నోకియా ఎన్-గేజ్ వచ్చింది. ఫోనూ అదే, వీడియో గేమ్ మెషీనూ అదే. ఆలోచన బాగుంది, కానీ గేమ్ మార్చాలంటే వెనక మూత తీసి, బ్యాటరీ ఊడదీస్తే గానీ కార్డు చేతికందదు. మాట్లాడాలంటే ఫోన్ అంచుని చెవికి ఆనించుకోవాలి. ఫోనూ గేమూ ఒకదానికొకటి అడ్డం పడ్డాయి. పక్కపక్కన పెట్టారంతే, కలపలేదు.

సీటీ స్కానర్ అలా కాదు. మామూలు ఎక్స్‌రేలో లోపలున్నవన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఒకే నీడలా కనిపిస్తాయి. అనేక కోణాల్లో తీసిన కొలతలన్నీ లెక్కగట్టి ఒక్కో పొరను విడదీసి చూపించాలంటే కంప్యూటర్ ఉండి తీరాలి. 1971లో మొదటి రోగికి స్కాన్ తీసిన ఆ మెషీన్‌లోంచి కంప్యూటర్ తీసేస్తే అంకెల కుప్ప మిగులుతుంది, ఎక్స్‌రే తీసేస్తే లెక్కపెట్టడానికే ఏమీ ఉండదు. (దాని వెనకున్న హౌన్స్‌ఫీల్డ్ ఇంజనీరు, కార్మాక్ ఫిజిక్స్ మనిషి, అయినా 1979లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది వైద్యంలో. నాకు భలే ఇష్టమైన సంగతి ఇది.) అందుకే ఎవరొచ్చినా నేను అడిగేది ఒకటే: ఒకదాన్ని తీసేస్తే రెండోదానికి ఏం పోతుంది? పెద్దగా ఏమీ పోదంటే వాళ్లు కలవక్కర్లేదు, మామూలు ఒప్పందం చాలు.

వ్యాపారాలు కలిసేటప్పుడు ఇంకో ప్రశ్న ఉంది, కలిసి చేసిన పనికి వచ్చే డబ్బు ఎవరి లెక్కలో పడుతుంది అని. అమెరికాలో ఏఓఎల్ అనే ఇంటర్నెట్ కంపెనీ, టైమ్ వార్నర్ అనే మీడియా కంపెనీ 2001లో ఒక్కటయ్యాయి. ఒకరి దగ్గర ఇంటర్నెట్ కస్టమర్లు, ఇంకొకరి దగ్గర సినిమాలు, పత్రికలు, కేబుల్, కాగితం మీద అంతకన్నా జోడీ దొరకదు. 2009లో విడిపోయాయి. నేనూ ఒకసారి ఈ ప్రశ్న అడక్కుండా సరేనని సంతకం పెట్టాను. ఏడాది తిరిగేసరికి రెండు టీములూ ఒకే కస్టమర్‌కి వేర్వేరు ధరలు చెబుతున్నాయి, ఎవరి టార్గెట్ వాళ్లది మరి. ఆ కస్టమర్ పోయాడు, ఆ తప్పు నాదే.

వేగం కూడా చూసుకో, ఒకరు వారానికోసారి సాఫ్ట్‌వేర్ మార్చేవాళ్లు, ఇంకొకరికి ఒక్క పార్టు మార్చడానికే రెండేళ్లు పడితే గొడవ అక్కడే మొదలవుతుంది.

తర్వాతి మీటింగ్‌కి డైరెక్టర్లతో పాటు, ఏదైనా పాడైతే ముందుగా కస్టమర్ ఫోన్ ఎత్తేవాళ్లను రెండు వైపుల నుంచీ ఒక్కొక్కరిని పిలిపించు. "ఇది ఆగిపోతే మీలో ఎవరు చూస్తారు?" అని అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసి నాకు పంపు. స్లైడ్లు వద్దు.

మీ బాబాయ్