కాల్షియం మాత్ర ఎప్పుడు వేసుకోవాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మకి 58, మోకాళ్లూ నడుమూ ఒకటే నొప్పులు. మెడికల్ షాపులో అడిగితే కాల్షియం, 60,000 యూనిట్ల విటమిన్ డి ఇచ్చారు. పొద్దున్నే థైరాయిడ్ మాత్రతో కలిపి వేసేసుకుంటోంది, పర్లేదా?
– ఓ పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: కలిపి మాత్రం వద్దమ్మా. కాల్షియం థైరాయిడ్ మందుని ఒంటికి పట్టనివ్వదు, రెండిటికీ కనీసం 4 గంటలు గ్యాప్ ఉండాలి, పొద్దున థైరాయిడ్ మాత్ర, మధ్యాహ్నం అన్నం తిన్నాక కాల్షియం అనుకుంటే సరిపోతుంది. స్ట్రిప్ వెనక ఓసారి చూడండి, కాల్షియం కార్బొనేట్ 1250 ఎంజీ అని ఉంటే అందులో అసలు కాల్షియం 500 మాత్రమే, ఒక్కసారికి అంతకంటే ఎక్కువ వేసుకున్నా ఒంటికి సరిగా పట్టదు. కార్బొనేట్ అయితే తిండితోనే, కాల్షియం సిట్రేట్ అయితే తిన్నా తినకపోయినా పర్లేదు.

ఇంక ఆ 60,000 సంగతి, నాకు అసలు భయం అక్కడే. అది మామూలుగా వారానికి ఒకటి, అదీ డాక్టర్ చెప్పినన్ని వారాలే. రోజూ వేసుకుంటే రక్తంలో కాల్షియం పెరిగిపోయి వాంతులు, కిడ్నీ దెబ్బతినడం దాకా వెళ్తుంది, దయచేసి అమ్మగారు ఎలా వాడుతున్నారో ఇవాళే కనుక్కోండి.

నెలసరి ఆగిన ఆడవాళ్లకి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) లెక్కలో రోజుకి 1200 ఎంజీ కాల్షియం కావాలి, అదంతా మాత్రల్లోంచే రానక్కర్లేదు, చోడి (రాగి) అంబలి, పెరుగు, ముల్లుతో సహా నమిలి తినే నెత్తళ్లు ఉండనే ఉన్నాయి కదా. కిడ్నీలో రాళ్లొచ్చిన చరిత్ర ఉంటే మాత్రం ముందే డాక్టర్‌కి చెప్పాలి. మోకాళ్ల నొప్పి కీళ్ల అరుగుదల వల్ల కూడా కావచ్చు, దానికి కాల్షియం పనిచెయ్యదు, ఒకసారి విటమిన్ డి టెస్టు, ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్ గురించి ఎముకల డాక్టర్‌ని అడగండి.