అమారో వచ్చే వేళకి కుర్చీ ఖాళీ చేయకు

తమ్ముడూ, భోజనమయ్యాక ఆఫీసువాళ్లు ఏదో నల్లటి చేదు మందు తెప్పిస్తున్నారు, తాగాలా వద్దా అని అడిగావు. దాన్నే అమారో అంటారు, ఇటలీవాళ్లు భోజనమయ్యాక తాగే మూలికల మద్యం. తాగడం మానడం నీ ఇష్టం. బల్ల దగ్గర్నుంచి మాత్రం లేవకు.

మిలాన్ వచ్చిన కొత్తలో నాకు చెప్పే దిక్కు లేదు. మీకైతే యూట్యూబ్ ఉంది. సూపర్ మార్కెట్లో ఫెర్నెట్ బ్రాంకా అనే అమారో కొన్నాను. 1845 నుంచి ఈ ఊళ్లోనే తయారవుతోంది. 27 రకాల మూలికలు, 39 శాతం ఆల్కహాల్. అవేం చూడకుండా విస్కీలా సోడా పోసి, పక్కన మిరపకాయ బజ్జీలు పెట్టుకుని, అన్నానికి ముందే మొదలెట్టాను. కషాయంలో జిందా తిలిస్మాత్ కలిపినట్టుంది. నాలుక మొద్దుబారి బజ్జీ కారం కూడా తెలియలేదు. ఆ తర్వాత అమారో పేరెత్తితే చాలు, కోటు తగిలించుకుని మెట్రోకి పరుగు.

ఆ పరుగుతో పోగొట్టుకున్నది చాలా ఉంది. ఇక్కడ తిన్నంతసేపూ ఆఫీసు గొడవలే. అద్దెకి ఇల్లెక్కడుంది, ఎవరింట్లో ఏం జరిగింది, ఆదివారం ఎక్కడికెళ్దాం, ఇవన్నీ కాఫీ తర్వాత వచ్చే ఆ చిన్న గ్లాసు దగ్గరే. నేనుండేవాణ్ణి కాదు కాబట్టి ఎవరూ పిలిచేవారు కాదు. ఆ చలికాలమంతా అమ్మతో ఫోన్లో తప్ప నోరు విప్పి మాట్లాడింది లేదు.

తర్వాత ఒక పెద్దాయన మోంటెనెగ్రో అనే అమారో పోయించాడు. బొలోనియాది, 23 శాతమే, నారింజ వాసన, కాస్త తీపి. నువ్వూ దాంతోనే మొదలుపెట్టు. ముందు వాసన చూడు, తర్వాత చప్పరించు. గుటకేయడానికి కాదది. అలవాటయ్యాక సిసిలీ అవెర్నా, ఐసు ముక్కా నారింజ తొక్కా వేసి. కలాబ్రియావాళ్ల 'కాపో' ఫ్రీజర్లోంచి తీసి గడ్డకట్టేంత చల్లగా ఇస్తారు, బాగుంటుంది. ఫెర్నెట్ ఆఖర్న. దాన్లో కోకాకోలా కలపడం అర్జెంటీనావాళ్ల పద్ధతి, ఇక్కడ అడిగితే వింతగా చూస్తారు. కాంపారి, అపెరోల్ కూడా చేదే గానీ అవి భోజనానికి ముందు.

లైసెన్సు తీసుకుని మూడేళ్లు కాకపోతే చుక్క తాగినా బండి ముట్టకూడదు. మిగతా రూల్స్ నువ్వే చూసుకో.

అసలు తాగనంటావా, కమోమిల్లా టీ చెప్పుకో, ఎవరూ ఏమీ అనుకోరు. మెట్రో అంటావేమో, అర్ధరాత్రి దాకా ఉంటుందిలే.