ఏప్రిల్‌లో పిల్లలతో స్టాక్‌హోమ్ వెళ్తున్నాం, ఎలాంటి బట్టలు సర్దుకోవాలి?

ఒక్క లావుపాటి కోటునే నమ్ముకోకండి. ఏప్రిల్‌లో అక్కడ మధ్యాహ్నం 10 డిగ్రీలు దాటినా, తెల్లవారుజామున సున్నా దగ్గరికి పడిపోతుంది. ఒకే రోజులో ఎండ, వాన, మంచు మూడూ చూడొచ్చు. స్వీడిష్‌లో దీనికి ‘ఏప్రిల్ వాతావరణం’ అనే మాటే ఉంది.

అందుకే పొరలు పొరలుగా వేసుకోవాలి. ఒంటికి ఆనుకుని పల్చటి మెరినో ఉన్ని బనియన్. ఈ లోపలి పొరకు మాత్రం కాటన్ వద్దు: చెమటకో వానకో తడిస్తే ఓ పట్టాన ఆరదు, ఒళ్లు చల్లబడిపోతుంది. దానిమీద స్వెట్టర్, ఆపైన గాలినీ వాననూ ఆపే జాకెట్, తలకు టోపీతో సహా. గాలి విసురుకి గొడుగు నిలవదు. షాపుల్లో, మెట్రోలో వెచ్చగా ఉంటుంది కాబట్టి పై పొర చటుక్కున తీసేసేలా ఉండాలి.

నీళ్లు దిగని బూట్లు తప్పనిసరి. పిల్లలకు గ్లౌజులు రెండు జతలు పెట్టండి, ఒకటి తడవడం ఖాయం.