0.229 సగటుతో పదిహేనేళ్లు: బ్యాకప్ క్యాచర్ డేవిడ్ రాస్ ఎలా నిలబడ్డాడు?

"బ్యాటింగ్ సగటు 0.229, అంటే వంద ప్రయత్నాల్లో దాదాపు 23 హిట్లే. అలాంటి డేవిడ్ రాస్‌ని అమెరికా బేస్‌బాల్ మేజర్ లీగ్‌లో పదిహేనేళ్లు ఎందుకు ఉంచుకున్నారు?" అని ఒకరు అడిగారు.

ఇంజినీరింగ్ నాలుగేళ్లూ నేను మా కాలేజీ క్రికెట్ జట్టులో రెండో వికెట్ కీపర్‌ని. ఆడిన మ్యాచ్‌లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కానీ రోజూ సాయంత్రం నెట్స్‌లో బౌలర్లందరికీ కీపింగ్ చేసింది నేనే. ఎవరి భుజం నొప్పిగా ఉందో, ఎవరిని గదమాయిస్తే బాగా వేస్తారో, ఎవరిని బుజ్జగించాలో నాకు తెలిసేది. తర్వాత ఉద్యోగానికి షికాగో వచ్చి బేస్‌బాల్ చూడటం మొదలుపెట్టినప్పుడు, నా కళ్లు ముందు క్యాచర్ మీదికే పోయాయి. బేస్‌బాల్‌లో వికెట్ కీపర్ లాంటివాడే క్యాచర్.

సీజన్‌లో 162 మ్యాచ్‌లు. క్యాచర్ గొంతుక్కూర్చుని ప్రతి బంతీ పట్టాలి, ఏ బంతి వేయాలో బౌలర్ లాంటి పిచర్‌కి సైగ చేయాలి. ఆ మోకాళ్లకి విశ్రాంతి ఇవ్వక తప్పదు కాబట్టి రెండో క్యాచర్ ఉంటాడు. నాలుగైదు రోజులకోసారి ఆడే మనిషికి బ్యాటు మీద టచ్ ఉండటం ఎంత కష్టమో నాకు తెలుసు. 2006లో సిన్సినాటి జట్టుకి ఎక్కువ మ్యాచ్‌లు ఆడినప్పుడు రాస్ 21 హోమ్ రన్లు (మన సిక్సర్లలా గోడ దాటే హిట్లు) కొట్టాడు. సగటు ఒక్కటే చూస్తే ఇది కనిపించదు.

అతని అసలు విలువ జాన్ లెస్టర్ దగ్గర తెలుస్తుంది. లెస్టర్ గొప్ప పిచర్. కానీ బ్యాటర్ పరుగెత్తి మొదట చేరే ఫస్ట్ బేస్‌కి బంతి విసరాలంటే చెయ్యి రాదు, విపరీతమైన టెన్షన్. అది తెలిసిన ప్రత్యర్థి రన్నర్లు తర్వాతి బేస్‌కి పరుగెత్తేందుకు ఫస్ట్ బేస్ వదిలి బాగా ముందుకొచ్చి నిలబడేవాళ్లు. ఆ పని రాస్ తన మీద వేసుకున్నాడు. బంతి పట్టిన మరుక్షణం కూర్చున్న చోటు నుంచే ఫస్ట్ బేస్‌కి విసిరి రన్నర్‌ని వెనక్కి తోలేవాడు. 2014 డిసెంబర్‌లో షికాగో కబ్స్ లెస్టర్‌ని తీసుకుని, అదే నెలలో రాస్‌నీ తీసుకుంది. బ్యాటుతో ఏం చేస్తాడన్నది అక్కడ రెండో మాట.

దీనికి కట్టిన మూల్యం కూడా ఉంది. 2013లో బోస్టన్ జట్టుకి ఆడుతూ మాస్క్‌కి తగిలిన దెబ్బలతో రెండుసార్లు కంకషన్ (మెదడు అదిరే గాయం) అయింది, చాలాకాలం ఆటకి దూరమయ్యాడు. అయినా తిరిగొచ్చి, ఆ ఏడాది లీగ్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ ఐదో మ్యాచ్‌లో జట్టుకి ఆధిక్యం తెచ్చిన డబుల్ (రెండో బేస్ దాకా చేర్చే హిట్) కొట్టాడు. అది తలుచుకున్నప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది.

ఇక 2016 నవంబర్ 2, క్లీవ్‌లాండ్‌లో ఆ జట్టుతో కబ్స్‌కి వరల్డ్ సిరీస్ ఏడో, ఆఖరి మ్యాచ్. కబ్స్ వరల్డ్ సిరీస్ గెలిచి అప్పటికి 108 ఏళ్లయింది. ఐదో ఇన్నింగ్స్‌లో లెస్టర్ బంతి అందుకోగానే, అతనితోపాటు 39 ఏళ్ల రాస్ కూడా దిగాడు. దిగగానే ఫస్ట్ బేస్‌కి తప్పుడు త్రో విసిరాడు. ఆ వెంటనే లెస్టర్ వేసిన బంతి రాస్ మాస్క్‌కి తగిలి పక్కకి పోయింది, ప్రత్యర్థికి రెండు పరుగులు వచ్చేశాయి. మా గదిలో నలుగురం ఉన్నాం, ఎవరికీ నోట మాట లేదు. కీపర్ తప్పు అందరికీ కనపడేలా జరుగుతుంది, మళ్లీ అక్కడే కూర్చుని తర్వాతి బంతి పట్టాలి. ఆ క్షణం ఎలా ఉంటుందో అనుభవించాను కాబట్టి టీవీ వైపు చూడలేకపోయాను.

ఆరో ఇన్నింగ్స్‌లో, ఆ సీజన్లో కొట్టడం చాలా కష్టమని పేరున్న క్లీవ్‌లాండ్ పిచర్ ఆండ్రూ మిల్లర్ బంతిని అదే రాస్ సెంటర్ ఫీల్డ్ గోడ దాటించాడు. వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్‌లో హోమ్ రన్ కొట్టిన అతి పెద్ద వయసు ఆటగాడు అతనే. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో వాక్ మీద (పిచర్ నాలుగు తప్పు బంతులు వేస్తే ఉచితంగా దక్కేది) బేస్ చేరాక, అతని బదులు రన్నర్‌ని దించారు. అతని ఆట అక్కడితో ముగిసింది.

తర్వాత క్యాచర్‌గా దిగింది మిగెల్ మోంటెరో. ఆ పోస్ట్‌సీజన్ (సీజన్ చివరి నాకౌట్ దశ) చాలా వరకు అతనూ బెంచీ మీద కూర్చున్న క్యాచరే. పదో ఇన్నింగ్స్‌లో కబ్స్‌కి ఎనిమిదో పరుగు తెచ్చింది అతని హిట్టే. మ్యాచ్ 8-7తో కబ్స్ గెలిచింది. రాస్‌ని తోటి ఆటగాళ్లు భుజాల మీద ఎత్తుకుని మైదానం నుంచి తీసుకెళ్లారు.